గుమ్మం దాకా వచ్చి పిలవండి ఫాదర్ గారూ

స్తోత్రం ఫాదర్ గారూ. పాస్టోరల్ కౌన్సిల్‌లో ఉన్న అన్నలకీ అక్కలకీ, మన కాన్వెంట్ సిస్టర్లకీ, ప్రతి ఆదివారం పక్కపక్క బెంచీల్లో కూర్చుని కూడా ఒకళ్ళ పేరు ఒకళ్ళకి తెలియని మన పారిష్ వాళ్ళందరికీ స్తోత్రం.

ఈ పారిష్‌కి వచ్చి 18 ఏళ్ళయింది నాకు, 9 ఏళ్ళ నుంచి ఆదివారం పిల్లలకి సత్యోపదేశం (క్యాటకిజం) క్లాసు చెప్తున్నాను. పేరు రాయట్లేదు, రాసింది ఎవరో మీకు రెండు పేరాలు చదవగానే తెలిసిపోతది. ఆఫీసులో కలిసి మాట్లాడొచ్చు కదా అంటారేమో, మాట్లాడాను ఫాదర్ గారూ, రెండుసార్లు, మీరు ప్రేమగానే విన్నారు, కానీ ఆ టైమ్‌కి బయట ఇంకో ఐదుగురు నిలబడి ఉన్నారు, ఒకళ్ళకి జ్ఞానస్నానం సర్టిఫికెట్ కావాలి, ఒకళ్ళకి పిల్లాడి స్కూల్ సీటు కోసం లెటర్ కావాలి, మీ ఫోన్ మోగుతానే ఉంది. అందుకే అందరూ చదివేటట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరు చేసే పని కాదు, మనందరం చేయాల్సింది.

పోయిన నెల మూడు ఆదివారాలు వరసగా పూజ అయిపోయాక మైకులో చెప్పారు, క్యాటకిజం టీచర్లు ఇద్దరు మానేశారు, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు ఆఫీసులో పేర్లివ్వండి అని. ఒక్క పేరు కూడా రాలేదు. మూడో వారం మీ గొంతులో బాధ తెలిసింది, ఇంతమందిలో ఒక్కరికి కూడా బాధ్యత అనిపించలేదా అన్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంది. పూజ తర్వాత మరియమాత గుహ (గ్రోటో) దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తున్న ఒక అమ్మాయిని చూశాను, రోజూ చూసే మొహమే, ప్రైవేట్ స్కూల్లో టీచర్ అని ఎవరో అనగా విన్నాను, వెళ్ళి అడిగాను, నువ్వు పిల్లలకి చెప్తావా అమ్మా అని. వెంటనే సరే అంది. మరి మూడు వారాల నుంచి ఫాదర్ గారు అడుగుతుంటే ఎందుకు ఇవ్వలేదు పేరు అంటే ఆ పిల్ల చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది, "అందరినీ అడిగారు ఆంటీ, నన్ను కాదు కదా" అంది. ఇప్పుడు నాలుగో తరగతి పిల్లలకి తనే చెప్తోంది, పిల్లలు ఆమెని వదలట్లేదు.

ఈ లెటర్ మొత్తం ఆ ఒక్క మాట గురించే ఫాదర్ గారూ. మన దగ్గర మనుషులు లేక కాదు, మనుషులు మనకి తెలియక పనులు ఆగుతున్నాయి.

మాది నల్గొండ దిక్కు పల్లె. మా తాత ఉపదేశి. ఆయన చదువుకున్నది ఐదో తరగతే, గురువులు, అంటే ఫాదర్లు, నెలకి ఒకసారి వచ్చేవాళ్ళు, ఒక్కోసారి వానాకాలం వాగు పొంగితే రెండు నెలలు కూడా వచ్చేవాళ్ళు కాదు, కానీ ఆదివారం ప్రార్థన ఏ రోజూ ఆగలేదు. సాయంత్రం పొలాల నుంచి జనం వచ్చి కాళ్ళు కడుక్కున్నాక తాత గంట కొట్టేవాడు, జపాలు నేర్పించేవాడు, ఎవరింట్లో జ్వరం ఉందో, ఎవరి కూతురు అత్తగారింట్లో ఏడుస్తోందో, ఎవరు ఎవరితో మాట్లాడట్లేదో ఆయనకి తెలుసు. గురువులు వచ్చినరోజు ముందు తాతతో అరుగు మీద కూర్చుని ఊరి సంగతులన్నీ విని అప్పుడు పూజకి లేచేవాళ్ళు. తెలుగు నేల మీద కతోలిక సంఘం నిలబడింది మిషనరీ ఫాదర్ల కష్టం వల్ల ఎంతో, ఇట్లాంటి పేరు తెలియని ఉపదేశుల వల్ల కూడా అంతే. 2021 మే నెలలో పోప్ ఫ్రాన్సిస్ గారు ఉపదేశి పనిని శ్రీసభలో, అంటే కతోలిక సంఘంలో, ఒక అధికారిక పరిచర్యగా నిలబెట్టినప్పుడు నేను తాత ఫోటో ముందు కూర్చుని ఏడ్చాను, ఆయన ఉంటే ఎంత మురిసిపోయేవాడో.

ఇప్పుడు హైదరాబాద్‌లో మనకి ఆదివారం నాలుగు పూజలు. ఏసీ హాలు, ప్రొజెక్టర్, మంచి సౌండ్ సిస్టమ్, పండగకి నవదిన ప్రార్థనలు, తేరు ప్రదక్షిణ, ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ పూజ అవగానే జెండా వందనం, అన్నీ ఉన్నాయి. కానీ పూజ అయిన పది నిమిషాలకి పార్కింగ్ ఖాళీ, ఎందుకంటే తర్వాతి పూజ వాళ్ళ బండ్లు లోపలికి రావాలి. ఖమ్మం నుంచి, గుంటూరు నుంచి, వరంగల్ నుంచి, కడప నుంచి వచ్చిన వాళ్ళం, ఎవరి ఊరి చర్చి వాళ్ళ మనసులో ఉంది, ఇది మాత్రం పూజకి వచ్చి పోయే చోటు. రెండేళ్ళకి ఒకసారి అద్దె ఇల్లు మారతాం, ఇల్లు మారితే పారిష్ మారతది, రిజిస్టర్‌లో పేరు పాతచోటే ఉండిపోతది.

దీనికి నేను ఎవరినీ తప్పు పట్టట్లేదు, సిటీ బతుకు అట్లాంటిది. కానీ ఒక సంగతి మనం దాచుకోకుండా మాట్లాడుకోవాలి. మనవాళ్ళు వేరే ప్రార్థన మందిరాలకి పోతున్నారని ప్రతి మీటింగ్‌లో బాధపడతాం, వాళ్ళకి విశ్వాసం గట్టిగా లేదు అంటాం. అట్లా వెళ్ళిన ఒక చెల్లెలితో నేను కూర్చుని మాట్లాడాను. సిద్ధాంతం గురించి ఒక్క మాట కూడా అనలేదు ఆమె. ఆమె భర్తకి డెంగ్యూ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ మందిరం వాళ్ళు నలుగురు వచ్చి రాత్రి కూర్చున్నారంట, తర్వాతి ఆదివారం పేరు పెట్టి ప్రార్థన చేశారంట. "ఇక్కడ ఆరేళ్ళు వచ్చాను అక్కా, నా పేరు ఎవరికీ తెలియదు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకే ముందు అడుగుతున్నది, లైన్ల వారీగా చిన్న క్రైస్తవ సమాజాలు మళ్ళీ మొదలుపెడదాం. కొత్తది కాదు ఇది, మన కౌన్సిల్ పాత మినిట్స్ పుస్తకంలో రెండుసార్లు రాసి ఉంది. 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఆసియా బిషపుల సమాఖ్య కూర్చున్నప్పుడు, పారిష్ అంటే చిన్న చిన్న సమాజాలు కలిసిన పెద్ద సమాజంగా ఉండాలి అని చెప్పారు, ఆ తర్వాత 1993 నుంచి దానికి ఆసిపా అనే పద్ధతి కూడా తయారుచేశారు. దక్షిణాఫ్రికాలో లుమ్‌కో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రూపొందించిన ఏడు మెట్ల సువిశేష పఠనం దాంట్లో ముఖ్యమైనది. ప్రభువుని పిలవడం, వాక్యం చదవడం, మనసుకి తగిలిన మాటని మళ్ళీ మళ్ళీ పలకడం, మౌనంగా ఉండటం, ఏం తగిలిందో పంచుకోవడం, ఆరోది ఇప్పుడు మనం ఏం చేయాలో మాట్లాడుకోవడం, ఏడోది ప్రార్థన.

మా లైన్‌లో మూడేళ్ళ క్రితం ఐదు కుటుంబాలతో మొదలుపెట్టాం. ఇంకో లైన్‌లో కూడా అప్పుడే మొదలైంది, అది నాలుగు నెలల్లో ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో నేను దగ్గర నుంచి చూశాను, అది మీ అందరికీ చెప్పాలి. మొదటి కారణం తిండి. మొదటి ఇంట్లో టీ బిస్కెట్, రెండో ఇంట్లో బజ్జీలు, మూడో ఇంట్లో ఇడ్లీ వడ, ఐదో ఇంటికొచ్చేసరికి చికెన్ బిర్యానీ, ఆ తర్వాతి వారం వంతు ఒక ఆటో నడిపే అన్నది, ఆయన ఊరెళ్తున్నాను అని చెప్పాడు, ఊరెళ్ళలేదు పాపం, ఇంట్లోనే లైట్ తీసేసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఇంకొకళ్ళు, ఇంకొకళ్ళు. రెండో కారణం ఆరో మెట్టు. ఐదు మెట్లు చక్కగా చేసేవాళ్ళు, ఆరోది రాగానే టైమ్ అయిపోయింది అని నేరుగా ప్రార్థనకి వెళ్ళిపోయేవాళ్ళు, కొన్నాళ్ళకి అది కూడా పోయి జపమాల చెప్పుకుని లేచిపోయేవాళ్ళు. జపమాల ఎంత గొప్పదో నాకు తెలుసు, మా అమ్మ చేతిలో జపమాలతోనే పోయింది, కానీ అది ఎవరింట్లో వాళ్ళు కూడా చెప్పుకోవచ్చు కదా. కలిసి కూర్చున్నందుకు ఏదో ఒక పని పుట్టకపోతే, వచ్చేవారం రావాలన్న ఆరాటం ఎక్కడి నుంచి వస్తది?

మేం రెండు రూల్స్ పెట్టుకున్నాం, టీ తప్ప ఏమీ పెట్టకూడదు, ఆరో మెట్టులో ఎవరు ఏ రోజు ఏం చేస్తారో పేరుతో సహా చెప్పాకే లేవాలి. ఒక శుక్రవారం పక్షవాయువు మనిషిని పైకప్పు తీసి దించిన ఆ నలుగురి సువిశేషం వచ్చింది. ఆరో మెట్టులో ఒకావిడ మెల్లగా అంది, మా బిల్డింగ్ మూడో ఫ్లోర్‌లో ఒక మామ్మ ఉంది, తుంటి విరిగి ఎనిమిది నెలలైంది, లిఫ్ట్ లేదు, కిందికి దిగలేదు, మన పారిష్ మనిషే అని. అక్కడున్న ఎవరికీ తెలియదు, ఆ మామ్మ సత్ప్రసాదం (పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం) తీసుకుని ఎనిమిది నెలలు. మంగళవారం ఒకళ్ళు, గురువారం ఒకళ్ళు వెళ్ళాలి అని అక్కడే రాసుకున్నాం. మాలో ఒకావిడ రిటైర్డ్ నర్సు, మూడు నెలలు తనే వెళ్ళి బీపీ చూసి మందులు సర్దిపెట్టింది, ఇప్పుడు మన చర్చి వరండాలో మొదటి ఆదివారం పెద్దవాళ్ళకి బీపీ షుగర్ చూస్తున్నది ఆవిడే. మీరు ఆ రోజు ఆమెని మెచ్చుకున్నారు ఫాదర్ గారూ, కానీ ఆ పని ఎక్కడ పుట్టిందో ఆ రోజు ఎవరూ చెప్పలేదు, మూడో ఫ్లోర్ మెట్ల మీద పుట్టింది.

పరిచర్యలు ఇట్లా పుట్టాలి అని నా నమ్మకం. ముందు కమిటీ పేరు, తర్వాత ప్రెసిడెంట్, సెక్రటరీ, ఆ తర్వాత ఫ్లెక్సీ మీద ఫోటోలు, చివర్న పని వెతుక్కోవడం, ఇది మనం చాలాసార్లు చేసి చూశాం. సెయింట్ విన్సెంట్ డి పాల్ సభని 1833లో పారిస్‌లో మొదలుపెట్టిన ఫ్రెడరిక్ ఓజనామ్‌కి అప్పుడు 20 ఏళ్ళు, స్టూడెంట్, పేదవాళ్ళ ఇళ్ళకి ఇద్దరిద్దరుగా వెళ్ళి కూర్చోవడంతో మొదలైంది ఆ సభ. 1921లో డబ్లిన్‌లో మొదలైన లీజియన్ ఆఫ్ మేరీ వాళ్ళు కూడా అంతే, ఇద్దరిద్దరుగా ఇళ్ళకి వెళ్తారు, ప్రతి వారం మీటింగ్‌లో ఏం చేశారో నోటితో చెప్పాలి. మన దగ్గర రెండూ ఉన్నాయి, రెండిట్లో ఉన్నవాళ్ళు అందరూ 60 దాటినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో కూడా తిరుగుతున్నారు, వాళ్ళకి దండం పెట్టాలి. కానీ మన యూత్‌కి ఇచ్చే పని ఏంటి, క్రిస్మస్‌కి పశువుల పాక కట్టడం, క్యారల్స్ రౌండ్స్, పండగకి కుర్చీలు వేయడం. 20 ఏళ్ళ పిల్లలు ఒకప్పుడు ప్రపంచం మొత్తం పాకిన సభ కట్టారు, మన పిల్లలు కుర్చీలు మాత్రమే మోయగలరు అని ఎందుకు అనుకుంటాం?

పూజలో బైబిల్ పఠనాలు చదివేవాళ్ళ సంగతి. పూజకి ఐదు నిమిషాల ముందు సాక్రిస్టీ (ఫాదర్ పూజకి సిద్ధమయ్యే గది) తలుపు దగ్గర ఎవరు కనిపిస్తే వాళ్ళ చేతిలో పుస్తకం పెడుతున్నాం. ఆ పిల్లాడు ప్రవక్త పేరు తడబడతాడు, జనం నవ్వుకుంటారు, వాడు మళ్ళీ ఆ దిక్కుకి రాడు. బుధవారం కల్లా వాట్సాప్‌లో ఎవరు ఏ పఠనమో చెప్పేస్తే, శనివారం సాయంత్రం అరగంట మైక్ దగ్గర నిలబడి గట్టిగా చదివిస్తే, ఎవరైనా చదవగలరు. ఇంకోటి, 2021 జనవరి నుంచి పఠనకర్త, పీఠసేవకుల (పూజలో పీఠం దగ్గర సాయం చేసేవాళ్ళ) పరిచర్యల్ని ఆడవాళ్ళకి కూడా అధికారికంగా ఇవ్వొచ్చని అప్పటి పోప్ ఫ్రాన్సిస్ గారు చట్టమే మార్చారు. అగ్రపీఠాధిపతుల (ఆర్చిబిషప్) వారి దగ్గర ఆ శిక్షణ కోసం మన పారిష్ నుంచి పేర్లు పంపండి, మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ.

మంచం పట్టిన వాళ్ళకి మొదటి శుక్రవారం మీరే స్కూటర్ మీద సత్ప్రసాదం తీసుకెళ్తారు, ఎండాకాలం కూడా, అది చూసి మాకు కళ్ళు చెమరుస్తాయి. కానీ లిస్టులో ఉన్నవాళ్ళకే వెళ్ళగలరు, లిస్టులో లేనివాళ్ళు ఎంతమందో. 1973లోనే రోమ్ నుంచి అనుమతి వచ్చింది, అవసరం ఉన్నచోట శిక్షణ ఇచ్చిన గృహస్థులు, అంటే గురువులు కాని మామూలు విశ్వాసులు, సత్ప్రసాదం పంచొచ్చు అని. చాలా పారిష్‌లలో చేస్తున్నారు. మన దగ్గర పెద్దవాళ్ళు కొందరు గురువు చేతి నుంచి అయితేనే తీసుకుంటాం అంటారు, వాళ్ళ భక్తిని నేను తక్కువ చేయను, ముందు నాలుగు ఆదివారాలు ప్రసంగంలో దాని గురించి చెప్పి, తర్వాత వాళ్ళ లైన్‌లోనే వాళ్ళకి తెలిసిన మంచి మనిషిని పంపితే అలవాటు అయితది.

అన్నిటికంటే ముందు కావలసింది మాత్రం చావు వచ్చినప్పుడు నిలబడే టీమ్. ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే నేను పడ్డాను ఈ బాధ. మా ఆయన తమ్ముడు మా ఇంట్లో ఉండగా పోయాడు, రాత్రి 11 గంటలకి. అద్దె ఇల్లు. ఓనరు మంచివాడే, కానీ బిల్డింగ్‌లో మిగతావాళ్ళు ఒప్పుకోరమ్మా, శవాన్ని లోపల ఉంచొద్దు అన్నాడు. ఫ్రీజర్ బాక్స్ ఎక్కడ దొరుకుతదో తెలియదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు, అంబులెన్స్ వాడు రోడ్డు మీద బేరం ఆడాడు. పొద్దున ఆఫీసుకి పోతే సమాధుల తోటకి లెటర్ కావాలంటే ఫ్యామిలీ కార్డు చూపించండి, చందా బాకీ ఉంది అన్నారు. అప్పుడు మేం వేరే పారిష్‌లో ఉన్నాం, ఆ గుమస్తా అన్న కూడా రూల్ ప్రకారమే అన్నాడేమో, కానీ ఆ ఉదయం అట్లా నిలబడటం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఊళ్ళో అయితే తాత గంట కొట్టగానే పాడె కట్టేవాళ్ళు, గుంట తవ్వేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, వంట చేసి పంపేవాళ్ళు అందరూ వచ్చేసేవాళ్ళు. సిటీలో ఆ గంట లేదు. ఆరుగురు చాలు ఫాదర్ గారూ, రాత్రి ఫోన్ ఎత్తే ఆరుగురు, ఫ్రీజర్ బాక్స్ నంబర్, సమాధి పర్మిషన్ కాగితాలు, మృతుని ఇంట్లో చేసే ప్రార్థనల పుస్తకం, మూడు రోజులు భోజనం ఎవరెవరు పంపాలో ఒక లిస్టు. అవసరమైతే రాత్రికి పారిష్ హాల్లో ఒక మూల శవాన్ని ఉంచుకునే వీలు. చందా లెక్క నెల తర్వాత చూసుకోవచ్చు.

భాషల సంగతి కూడా ఉంది. తెలుగు పూజ వాళ్ళకి ఇంగ్లిష్ పూజ వాళ్ళు తెలియదు, తమిళం వాళ్ళు నెలకి ఒకసారి వాళ్ళ పూజ వాళ్ళు పెట్టుకుంటారు, మలయాళీలు వాళ్ళ సంఘం వాళ్ళది. వీళ్ళందరికీ కనీసం పేరున్న గుంపు ఉంది. సాయంత్రం పూజకి వెనక నిలబడే ఝార్ఖండ్, ఒడిశా పిల్లలకి అది కూడా లేదు, కన్‌స్ట్రక్షన్ సైట్ల నుంచి స్నానం చేసి తల దువ్వుకుని చక్కగా వస్తారు, బెంచీ ఖాళీ ఉన్నా కూర్చోరు. అపోస్తలుల కార్యముల్లో ఆరో అధ్యాయం చదవండి ఒకసారి, మొదటి సంఘంలో గొడవ వచ్చిందే దీని మీద, గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని. అపోస్తలులు మేమే చూసుకుంటాం అనలేదు, మీలోంచి ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు, పేర్లు చూస్తే ఏడూ గ్రీకు పేర్లే, అంటే ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ చేతిలోనే పని పెట్టారు అనిపిస్తది నాకు. హిందీ వచ్చినవాళ్ళు మనలో బోలెడుమంది, హైదరాబాద్ కదా ఇది, గేట్ దగ్గర ఇద్దరు నిలబడి మీదే ఊరు తమ్ముడూ అని అడిగితే చాలు మొదలైపోతది, తర్వాత వాళ్ళలోంచే ఒక పిల్లాడిని కౌన్సిల్‌కి పిలవాలి.

ఇంకో మాట, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మన కౌన్సిల్‌లో, పండగ కమిటీలో, ముందు వరస కుర్చీల్లో ఎవరు ఉంటారో, చీపురు పట్టేది, వంట గిన్నెలు తోమేది ఎవరో మనందరికీ తెలుసు. పెళ్ళిళ్ళప్పుడు అడిగే ప్రశ్న చర్చిలో నోటితో అడగం, కానీ మనసులో లెక్క వేసుకుంటాం. పునీత దేవసహాయం మన దేశంలో పునీతుడైన మొదటి గృహస్థుడు, 2022 మే 15న ప్రకటించారు, అన్ని కులాల వాళ్ళతో కలిసిమెలిసి ఉన్నాడని పేరు ఆయనకి, ఆ ప్రకటనకి ముందు ఆయన పేరు చివర ఉన్న కులం మాటని రోమ్ వాళ్ళు తీసేశారు. అదే ఏడాది ఆగస్టులో మన అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి మొదటి కార్డినల్, తెలుగువాళ్ళలోనూ మొదటి కార్డినల్, ఆ రోజు మనం టపాసులు కాల్చాం, స్వీట్లు పంచాం. ఆ సంతోషం నిజమైతే బస్తీలో ఉండే మన అక్కల్లోంచి ఇద్దరిని ఈసారి కౌన్సిల్‌లో కూర్చోబెడదాం, మీటింగ్ టైమ్ వాళ్ళు పనికి పోయే టైమ్‌లో పెట్టకుండా.

కౌన్సిల్ గురించి చట్టం ఏం చెప్తుందో కూడా చాలామందికి తెలియదు. పాస్టోరల్ కౌన్సిల్ సలహా ఇచ్చేదే, నిర్ణయం విచారణ గురువులదే, అంటే పారిష్ ఫాదర్‌దే, అది నేను కాదనట్లేదు. ఫైనాన్స్ కౌన్సిల్ మాత్రం ప్రతి పారిష్‌లో ఉండి తీరాలి అని 1983 శ్రీసభ చట్టం 537లో ఉంది, భక్తులు ఇచ్చిన కానుకల లెక్క భక్తులకి చెప్పాలని 1287లో ఉంది. విశ్వాసులకి మేలు అనిపించింది గురువులకి మర్యాదగా చెప్పే హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా ఉందని 212లో ఉంది, ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. 2024 అక్టోబర్‌లో రోమ్‌లో ముగిసిన సినడ్ (బిషపుల మహాసభ) కూడా ఇట్లాంటి కౌన్సిళ్ళు పేరుకి కాకుండా నిజంగా నడవాలి, తప్పనిసరి చేయాలి అని గట్టిగా అడిగింది. మూడు నెలలకోసారి ఒక్క పేజీ లెక్క నోటీస్ బోర్డు మీద పెట్టండి. డబ్బు ఎక్కడికి పోయింది అన్న అనుమానం మన మధ్య ఎంత ప్రేమని తినేస్తోందో మీకు తెలియదు ఫాదర్ గారూ, మీ దాకా ఎవరూ చెప్పరు, మాకు మెట్ల మీద వినిపిస్తది.

ఇప్పుడు మీకు ఒక్కరికే ఒక మాట. మీరు అలిసిపోతున్నారు. నాలుగు పూజలు, స్కూల్ బాధ్యత, కాంపౌండ్ గోడ కేసు, ఆసుపత్రులు, పెళ్ళిళ్ళు, రాత్రి పదకొండింటికి కూడా మీ రూమ్‌లో లైట్ కనిపిస్తది. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగాదాలు తీరుస్తా కూర్చుంటే మామ యిత్రో వచ్చి, నువ్వు చేసే పని మంచిది కాదయ్యా, నువ్వూ అలిసిపోతావు జనమూ అలిసిపోతారు, పది మందికి ఒకడిని, యాభై మందికి ఒకడిని పెట్టు అన్నాడు. మామ చెప్తే మోషే విన్నాడు. మేం మీకు అమ్మల్లాంటి వాళ్ళం, అక్కల్లాంటి వాళ్ళం, మా మాట వినండి. మాకు ఇస్తే చెడగొడతాం అని భయం ఉంటది, ఒకటి రెండు చెడగొడతాం కూడా, ఇంతకు ముందు ఒకళ్ళిద్దరు పదవి రాగానే పారిష్ తమదే అన్నట్టు చేశారు, నాకు తెలుసు. అందుకే మూడేళ్ళు పెట్టండి, మూడేళ్ళ తర్వాత ఎవరైనా సరే దిగి ఇంకొకళ్ళకి నేర్పించి ఇవ్వాలి. కొరియాలో 1784లో ఒక యువకుడు బీజింగ్‌లో జ్ఞానస్నానం తీసుకుని ఊరికి వచ్చాడు, ఆ తర్వాత పదేళ్ళ దాకా అక్కడ ఒక్క గురువు లేడు, గృహస్థులే సంఘాన్ని నిలబెట్టారు, వాళ్ళూ తప్పులు చేశారు, తెలియక తామే పూజలు కూడా చేసేశారు కొన్నాళ్ళు, తెలిశాక ఆపేసి బీజింగ్ బిషప్‌కి గురువుని పంపండి అని కబురు పెట్టారు. గురువు విలువ వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదేమో.

మన పారిష్ వాళ్ళకి కూడా చెప్తున్నాను, టైమ్ లేదు అనేది నిజమే, నైట్ షిఫ్ట్‌లు, ట్రాఫిక్, పిల్లల చదువులు. నెలకి రెండు గంటలు ఇవ్వండి, అంతే. మీకు ఏం వచ్చో అది చాలు. డ్రైవింగ్ వస్తే ముసలివాళ్ళని పూజకి తీసుకురండి, అకౌంట్స్ వస్తే ఫైనాన్స్ కౌన్సిల్‌కి సాయం చేయండి, ఏమీ రాదు అనుకునేవాళ్ళు గేట్ దగ్గర నిలబడి నవ్వుతూ స్తోత్రం చెప్పండి, అది కూడా పరిచర్యే.

ఫాదర్ గారూ, మీరు ఒప్పుకుంటే ఇట్లా మొదలుపెడదాం. ఈ ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు వారాలు) రాకముందే రిజిస్టర్ జిరాక్స్ తీసి లైన్ల వారీగా విడగొట్టి, మా క్యాటకిజం టీచర్లం, లీజియన్ వాళ్ళం, సిస్టర్లు ఇద్దరిద్దరుగా ప్రతి ఇంటికి వెళ్తాం, రిజిస్టర్‌లో లేనివాళ్ళని పక్కింటివాళ్ళని అడిగి కనుక్కుంటాం. చందా అడగం. పేర్లు, పిల్లలు, మంచం మీద ఎవరైనా ఉన్నారా, మీకు ఏం పని వచ్చు, ఈ నాలుగే అడుగుతాం. వాచ్‌మన్ గదులు, హాస్టళ్ళు, సైట్ షెడ్లు కూడా. మీరు వారానికి ఒక్క సాయంత్రం మాతో రండి, గంట చాలు.

మా లైన్ వాళ్ళం ఈ శుక్రవారం రాత్రి 7:30కి ఆ మూడో ఫ్లోర్ మామ్మ ఇంట్లోనే కూర్చుంటున్నాం, ఆమే రమ్మంది, కుర్చీలు లేవు చాపలు వేస్తాం. లిఫ్ట్ లేదు, మెట్లు కొంచెం నిటారుగా ఉంటాయి. టీ మాత్రమే ఇస్తాం. కౌన్సిల్ వాళ్ళు ఎవరైనా రావచ్చు. మామ్మ మిమ్మల్ని మాత్రం తప్పకుండా తీసుకురమ్మంది ఫాదర్ గారూ, గురువారం సాయంత్రం నేనే ఆఫీసుకి వచ్చి మిమ్మల్ని పిలుస్తాను.

మీ పారిష్ బిడ్డ,
నాలుగో లైన్ నుంచి